తాళం వేసిన ఇంటిని ఏ లెక్కలో రాయాలి?

ఉదయం పదకొండు గంటలు. ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే మనిషి) చేతిలో ట్యాబ్, అందులో ఆ ఊళ్లో కలవాల్సిన 24 ఇళ్ల జాబితా. తొమ్మిదో ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద ఒకావిడ బియ్యం ఏరుకుంటోంది. "వాళ్లు లేరయ్యా, పనికి పోయారు, పండక్కి వస్తారు" అంది. అతను ఓ క్షణం ఆగి, "పోనీ మీ వివరాలు చెప్పండమ్మా" అని అరుగు మీద కూర్చుంటాడు. సాయంత్రానికి 24 ఫారాలూ నిండుతాయి. సూపర్‌వైజర్‌కి సంతోషం, పైఆఫీసుకి సంతోషం. సర్వే చెడిపోయింది మాత్రం ఆ అరుగు మీదే.

ఎంత చెడిందో లెక్క వేయవచ్చు. కూలికి వలసపోయే మనిషి ఉన్న కుటుంబాలెన్నో తేల్చడానికే ఈ సర్వే అనుకుందాం. తలుపు తెరిచి ఉన్న ఇళ్లలో అలాంటి కుటుంబాలు 25 శాతం, తాళం వేసిన ఇళ్లలో 70 శాతం. ఊళ్లో ఐదోవంతు ఇళ్లకు తాళాలు ఉన్నాయి. అసలు లెక్క: 80 ఇళ్లలో 20, మిగతా 20 ఇళ్లలో 14, మొత్తం వందకు 34. తాళాల ఇళ్లకు బదులు పక్కింటివాళ్లను రాసుకున్న సర్వేలో వచ్చేది 25. తేడా 9 పాయింట్లు.

ఇప్పుడు శాంపిల్ (అడగడానికి ఎంచుకునే ఇళ్లు) పెంచుదాం. 24 ఇళ్లయితే ఆ 25 శాతానికి అటూ ఇటూ 17 పాయింట్ల ఊగిసలాట (ఏ ఇళ్లు తగిలాయన్నదాన్ని బట్టి వచ్చే తేడా) ఉంటుంది. 2,400 ఇళ్లు చేస్తే అది 1.7కి దిగుతుంది. 9 పాయింట్ల తేడా మాత్రం అంగుళం కదలదు. పైగా ఇప్పుడు నివేదికలో "25 శాతం, అటూ ఇటూ 1.7" అని ధీమాగా అచ్చవుతుంది. అసలు సంఖ్య 34 ఆ హద్దుల దరిదాపుల్లో కూడా ఉండదు. పాసంగం ఉన్న తక్కెడలో ఒకసారి తూచినా వందసార్లు తూచినా అదే తేడా వస్తుంది. శాంపిల్ పెంచితే తగ్గే తప్పు వేరు, పెంచినా తగ్గని తప్పు వేరు. "ఇంతమందిని అడిగాం" అని గొప్పగా చెప్పుకునే సర్వేలన్నీ మొదటి తప్పు గురించే మాట్లాడతాయి.

తాళం వేసిన ఇంటికి మందు పెద్ద కష్టమైనదేమీ కాదు, ఖర్చుతో కూడినది. కనీసం మూడుసార్లు వెళ్లాలి. మూడూ పొద్దున పదకొండుకే అయితే లాభం లేదు. ఒకసారి సాయంత్రం ఏడు దాటాక, ఒకసారి ఆదివారం పోవాలి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, సమయం, ఏం జరిగిందో రాయాలి. అప్పటికీ దొరక్కపోతే ఆ ఇంటిని "దొరకలేదు" అనే రాయాలి తప్ప పక్కింటితో పూడ్చకూడదు. తాళానికి కారణమేమిటో పక్కింటివాళ్లను అడిగి రాసుకోవచ్చు: వలసా, చుట్టాలింటికి పోయారా, అసలు అక్కడ ఎవరూ ఉండడం లేదా. ఆ మూడు ముక్కల సమాచారంతోనే తర్వాత లెక్క ఎటు మొగ్గి ఉంటుందో అంచనా వేస్తారు. తాళం పేదవాళ్ల ఇళ్లకే ఉంటుందనుకోవడమూ పొరపాటే. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మన్ లోపలికే రానివ్వడు. వినియోగ ఖర్చు సర్వేలు బాగా డబ్బున్న కుటుంబాలను సరిగ్గా పట్టుకోలేకపోతున్నాయన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది.

తలుపు దాకా వెళ్లకముందే మొగ్గు (లెక్క ఒకవైపుకే ఒరిగే తప్పు) మొదలయ్యే చోటు ఇంకొకటుంది: జాబితా. పంచాయతీ ఆఫీసులోని ఇంటిపన్ను రిజిస్టర్ పట్టుకుని శాంపిల్ తీస్తే, పన్ను లేని గుడిసెలు, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్న అన్నదమ్ములు, ఊరికి దూరంగా ఉన్న తండా, ఇటుక బట్టీ దగ్గర రేకుల షెడ్లలో ఉండేవాళ్లు ముందే పోతారు. ఓటర్ల జాబితాతో తీస్తే కిరాయిదారులు పోతారు. అందుకే జాతీయ నమూనా సర్వేలో ఎంపికైన ఊళ్లో ముందుగా ఇళ్లన్నీ తిరిగి కొత్తగా జాబితా రాస్తారు. ఊరు పెద్దదైతే దాన్ని ముక్కలు చేసి కొన్నింటినే తీసుకుంటారు. ఆ ముక్కలను సిబ్బందికి నచ్చినట్టు ఎంచుకోవడానికి వీల్లేదు. ఈ లిస్టింగ్ పని విసుగు పుట్టిస్తుంది. దానికి రెండు రోజులు కేటాయించని సర్వే ఏదైనా సరే, సర్పంచ్ ఇంటి చుట్టుపక్కల మొదలై బస్టాండ్ దగ్గర ముగుస్తుంది.

జాబితాలో 312 ఇళ్లు వచ్చాయి, కావాల్సినవి 24. 312ని 24తో భాగిస్తే 13. ఒకటి నుంచి 13 లోపు ఒక సంఖ్యను చీటీ తీసి ఎంచాలి. 8 వచ్చిందనుకోండి: 8, 21, 34, అలా పోతే చివరిది 307. ఆ మొదటి చీటీ ఎవరు తీశారో, ఏం వచ్చిందో ఫారం మీద ఉండాలి. "ఇక్కడో ఇల్లు, అక్కడో ఇల్లు" అని చేత్తో ఏరడం యాదృచ్ఛికం కాదు. చేత్తో ఏరేవాళ్లు కుక్క ఉన్న ఇంటిని, మెట్లు ఎక్కాల్సిన ఇంటిని, ముఖం చిట్లించే ఇంటిని వదిలేస్తారు.

కొన్నిసార్లు కావాలనే కొందరిని ఎక్కువగా తీసుకుంటారు. అదే ఊళ్లో ట్రాక్టరో కారో ఉన్న ఇళ్లు 52, లేనివి 260 అనుకుందాం. ఉన్నవాళ్ల ఇళ్లు తక్కువ కాబట్టి మామూలుగా తీస్తే వాళ్లు నలుగురే దొరుకుతారు. అందుకని చెరి 12 తీసుకున్నారు. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు ఉన్నవాళ్లు మొదటి గుంపులో ఇద్దరు, రెండో గుంపులో ఎనిమిది మంది. ఫారాలు లెక్కపెడితే 24లో 10, అంటే 42 శాతం. అయితే మొదటి గుంపులో ఒక్కో ఫారం నాలుగు ఇళ్ల పైచిలుకుకు, రెండో గుంపులో ఒక్కో ఫారం 22 ఇళ్లకు దగ్గరగా ప్రాతినిధ్యం వహిస్తుంది. ఆ తూకం వేసి లెక్కిస్తే 312 ఇళ్లలో 182, అంటే 58 శాతం. సర్వే అంతా నిజాయితీగా జరిగినా, చివర్లో ఎవరో ఎక్సెల్‌లో సగటు నొక్కేస్తే 16 పాయింట్లు గల్లంతు. డేటా ఫైలులో "వెయిట్" అనో "మల్టిప్లయర్" అనో ఉండే నిలువు వరుస అందుకే ఉంటుంది. విద్యార్థులు, పాత్రికేయులు ఎక్కువగా దాటేసేది దాన్నే.

అందరినీ అడిగేస్తే శాంపిల్ గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో మొదలుపెట్టిన ఇంటింటి సర్వే అలాంటిదే. గుర్తించిన ఇళ్లు 1,15,71,457, వివరాలు వచ్చినవి 1,12,15,134. అంటే 96.9 శాతం. 3,56,323 ఇళ్లు మిగిలిపోయాయి. కొన్నిటికి తాళం, కొన్నిచోట్ల చెప్పడానికి ఇష్టపడలేదు. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన ఫలితాల్లో వెనుకబడిన తరగతుల వాటా, ముస్లిం బీసీలతో కలిపి, 56.33 శాతం. ఈ సంఖ్య ఎక్కువా తక్కువా అని నెలల తరబడి వాదులాడుకున్నారు. దొరకని 3.1 శాతం ఆ సంఖ్యను మహా అయితే ఎంత కదపగలదో చూడడానికి కాగితం, పెన్ను చాలు. దొరకనివాళ్లలో ఒక్కరూ బీసీ కాకపోతే మొత్తంలో వాటా 54.6కి దిగుతుంది. అందరూ బీసీలే అయితే 57.7కి ఎక్కుతుంది. ఇళ్ల వాటానే మనుషుల వాటాగా తీసుకుంటే హద్దులివి. రెండూ జరగని పనులే, అయినా దొరకని ఇళ్ల వల్ల అంతకు మించిన తేడా రాదని తేలుతుంది. తేడా అంతకన్నా పెద్దదని వాదించేవాళ్లు మిగిలిపోయిన ఇళ్లను కాదు, జాబితాలోకే ఎక్కని ఇళ్లనో, తప్పుగా రాసిన జవాబులనో చూపించాలి. అడగాల్సినవాళ్లలో 97 శాతం దొరికితే ఇంత ధైర్యంగా మాట్లాడవచ్చు. 60 శాతమే దొరికితే ఈ హద్దులు 40 పాయింట్ల వెడల్పుకు సాగిపోతాయి, ఇక ఎవరేమన్నా చెల్లుతుంది.

అందరినీ అడగడంలో మరో చిక్కు ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణలో, ఒక్క రోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే నాడు జనం బస్సులు, రైళ్లు కిక్కిరిసి సొంతూళ్లకు పరుగెత్తారు. లెక్కలో లేకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయన్న భయం. కోటికి పైగా కుటుంబాలు తేలాయి. 2011 జనగణనలో అదే ప్రాంతంలో ఉన్నవి 80 లక్షల పైచిలుకు. మూడేళ్లలో అన్ని కుటుంబాలు పుట్టుకు రావు. పథకం కుటుంబానికి ఒకటని తెలిసినచోట ఒక ఇల్లు రెండుగా చెప్పుకోవడం సహజం. జవాబుకు ధర ఉన్నప్పుడు జవాబు మారుతుంది. ఆదాయం, భూమి, అప్పు అడిగే ఏ ప్రభుత్వ ఫారంలోనైనా ఈ మొగ్గు ఉంటుంది, అదెటు ఉంటుందో కూడా ముందే చెప్పవచ్చు: ఆదాయం తక్కువ, అప్పు ఎక్కువ.

ఇంట్లో లేని మనిషి లెక్కను ఎంత వంచగలడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చూపించింది. 2019–21 నాటి ఆ సర్వేలో దేశంలో వెయ్యి మంది మగవాళ్లకు 1,020 మంది ఆడవాళ్లని వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1,045, తెలంగాణలో 1,049. "మహిళలే ఎక్కువ" అని శీర్షికలు పెట్టారు. ఆ సర్వే తిరిగేది కాపురాలుండే ఇళ్లు. హాస్టళ్లు, సైనిక బ్యారక్‌లు, కూలీల క్యాంపులు దాని పరిధిలోకి రావు, వాటిలో ఉండేది ఎక్కువగా మగవాళ్లే. దుబాయ్‌లో ఉన్న కొడుకు, కర్ణాటకలో రోడ్డు పనికి పోయిన భర్త ఆ రాత్రి ఇంట్లో పడుకోలేదు కాబట్టి లెక్కలో లేరు. గల్ఫ్ వలసకు పేరుపడ్డ నిజామాబాద్ జిల్లాలో 2011 జనగణనలోనే ఈ నిష్పత్తి 1,040 ఉండడం గమనార్హం. పుట్టే పిల్లల లెక్క చూస్తే బొమ్మ తిరగబడుతుంది: అదే సర్వేలో, గత ఐదేళ్లలో పుట్టినవాళ్లలో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 929 మందే. వలసపోయినవాడు ఈ రెండో లెక్కను వంచలేడు. ఒకే సర్వేలో ఏ సంఖ్యను నమ్మాలో, దేన్ని పక్కన పెట్టాలో తేల్చేది ఇలాంటి తేడాయే.

తలుపు తెరిచి ఉంది, మనిషి ఉన్నాడు. అయినా జవాబు ఎవరు చెబుతున్నారన్నది మిగిలే ఉంటుంది. "మీ ఆవిడ ఏం చేస్తారు?" అని మగమనిషిని అడిగితే "ఏం చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. ఆ ఇంట్లోనే ఉండే ఆవిడ తెల్లవారుజామున రెండు గేదెల పాలు పిండి కేంద్రానికి పోసి, నాట్ల కాలంలో నెలన్నర పొలంలో దిగి, మిగతా రోజుల్లో బీడీలు చుడుతుంది. ఆమెనే అడిగినా "పని చేస్తారా?" అన్న ప్రశ్నకు "లేదు" అనే వస్తుంది. మన వాడుకలో పనికి పోవడమంటే గడప దాటి కూలికో ఉద్యోగానికో పోవడం. దేశవ్యాప్తంగా ఎవరేం పని చేస్తున్నారో అడిగే శ్రామిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) కోడ్లలో 92 అంటే ఇంటిపని మాత్రమే, 93 అంటే ఇంటిపనితోపాటు ఇంటి అవసరానికి కట్టెలు ఏరడం, కుట్టడం వంటివి. ఈ రెండూ పడితే ఆమె శ్రామికుల లెక్కలో లేదు. 21 పడితే, అంటే కుటుంబ వ్యాపారంలోనో సేద్యంలోనో జీతం లేని సహాయకురాలని రాస్తే, లెక్కలో ఉంది. ఏడాదిలో 30 రోజులకు తగ్గకుండా ఆ పని చేస్తే రెండో పనిగానైనా రాయాలి. 92కీ 21కీ మధ్య దూరం, ఎన్యూమరేటర్ మరో రెండు ప్రశ్నలు అడగడమే.

ఆ ప్రశ్నలెలా ఉండాలి? "పని చేస్తారా" అనకుండా పనుల పేర్లు ఒక్కొక్కటే చదవాలి: పోయిన వారంలో పాలు పిండారా, గడ్డి కోశారా, పొలంలో దిగారా, బీడీలు చుట్టారా, కుట్టుమిషన్ తొక్కారా, కొట్లో కూర్చున్నారా. సోమవారం నుంచి ఒక్కో రోజు విడివిడిగా అడగాలి. దేశంలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో శ్రామికులు, పని కోసం వెతికేవాళ్లు కలిపి 2017–18లో 23.3 శాతం, 2023–24లో 41.7 శాతం. పెరుగుదలలో పెద్ద భాగం పల్లెల్లో సొంత పని, జీతం లేని సహాయం కిందే వచ్చింది. కాబట్టి ఇందులో ఎంత కొత్త పనో, ఎంత ఎప్పటినుంచో ఉన్న పనిని ఇప్పుడు రాసుకోవడమో అన్న చర్చ న్యాయమైనదే. ఆ చర్చ లేకుండా సంఖ్యను ఒక్కటే ఎత్తి చూపించడం ఎటువైపు వాళ్లు చేసినా తప్పే.

జ్ఞాపకం సంగతి ఇంకా తమాషా. నెలకోసారి బస్తా బియ్యం కొన్న ఖర్చు ఎవరికైనా గుర్తుంటుంది. బండి దగ్గర తాగిన టీలు, పిల్లాడికి కొన్న బిస్కెట్ ప్యాకెట్లు ముప్పై రోజులవి చెప్పమంటే ఎవరు చెప్పగలరు? 7 రోజులవి అడిగితే తిండి ఖర్చు ఎక్కువ వస్తుంది, 30 రోజులవి అడిగితే తగ్గుతుంది. 1999–2000 నాటి జాతీయ నమూనా సర్వేలో తిండి వస్తువులకు ఈ రెండు గడువులనూ ఒకే ఫారంలో పక్కపక్కనే అడిగారు. వారానికి చెప్పిన జవాబును చూసుకుని నెలకు చెప్పేది దానికి తగ్గట్టు సరిచేసుకున్నట్టయింది. నెల లెక్క ఉబ్బింది. పేదరికాన్ని తేల్చేది ఆ ఖర్చుతోనే. 1993–94లో 36 శాతం ఉన్న పేదరికం 26కి పడిపోయిందని అధికారికంగా వచ్చింది. అందులో నిజంగా తగ్గిందెంత, ఫారం వల్ల తగ్గిందెంత అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోయారు. 2022–23 వినియోగ ఖర్చు సర్వేలో 2,61,746 కుటుంబాల దగ్గరికి, ఒక్కో ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లి, తిండి, రోజువారీ సరుకులు, మన్నికైన వస్తువులు విడివిడిగా అడిగారు. పద్ధతిగా మెరుగే. దాని ఫలితాన్ని 2011–12 పక్కన పెట్టి "ఇంత పెరిగింది" అనేటప్పుడు మాత్రం కొలబద్ద మారిన సంగతి మరవకూడదు.

వయసులు కూడా అంతే. "నలభై ఉంటాయి, రాసుకో బాబూ" అంటే 40 పడుతుంది. అలా 0తో, 5తో ముగిసే వయసులు గుట్టలు పడతాయి. దీన్ని పట్టడానికి విప్పుల్ (Whipple) సూచిక అనే కొలత ఉంది: 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో 0, 5తో ముగిసే వయసులవాళ్లను లెక్కించి, ఐదుతో హెచ్చించి, మొత్తంతో భాగించి, వందతో హెచ్చించాలి. 100 వస్తే గుట్టలు లేవు, 500 వస్తే అందరూ 0, 5తో ముగిసే వయసులే చెప్పారు. పల్లెల్లో దీనికి మంచి విరుగుడు పుష్కరాలు. గోదావరికి 1979, 1991, 2003, 2015. కృష్ణకు 1980, 1992, 2004, 2016. "1991 గోదావరి పుష్కరాలకు మీకు పెళ్లయిందా, పెద్దాడు పుట్టాడా?" అని అడిగితే సంవత్సరం దానంతటదే బయటపడుతుంది. కృష్ణా జిల్లా పెద్దవాళ్లకు 1977 దివిసీమ ఉప్పెన, విశాఖ పిల్లల వయసులకు 2014 హుద్‌హుద్ అలాంటి గుర్తులే.

మనుషులతో పనిలేని కొలతలో కూడా మొగ్గు దూరుతుంది. వరి దిగుబడి అంచనాకు పంట కోత ప్రయోగంలో 5 మీటర్లకు 5 మీటర్ల గడి కోస్తారు. పొలం నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలో వచ్చిన అడుగులు నడిచి మేకు దిగేస్తారు. ఇంత పెద్ద గడి ఎందుకు? తాడు అంచున నిలబడ్డ దుబ్బు లోపలిదా బయటిదా అన్న అనుమానం వస్తే కోసేవాడి కొడవలి లోపలిదనే అంటుంది. ప్రతి అంచునా 5 సెంటీమీటర్లు అదనంగా కోస్తే మీటరు గడిలో దిగుబడి 21 శాతం ఉబ్బుతుంది, 5 మీటర్ల గడిలో 4 శాతమే. చిన్న గడులు వేలకు వేలు కోసినా ఆ 21 అలాగే ఉంటుంది. 1940ల్లో గడి పరిమాణం మీద గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్, సుఖాత్మె పక్షాల మధ్య గట్టి వాదనే నడిచింది. గడిని ఎంచిన తర్వాత "ఇక్కడ పంట పలచగా ఉంది, అటు జరుపుదాం" అనడం ఇంకో రకం. పంటల బీమా అదే లెక్క మీద ఆధారపడే చోట, జరిపేది ఎటో చెప్పనక్కర్లేదు.

వాట్సాప్‌లో లింకు పంపి "మా సర్వేలో 80 శాతం మంది ఇలా అన్నారు" అనేవాటి గురించి ఎక్కువ రాయాల్సిన పనిలేదు. ఎంతమందికి చేరిందో తెలియదు, కోపమున్నవాళ్లే నింపుతారు, ఒకడు నాలుగుసార్లు నింపవచ్చు. దాంతో ప్రశ్నలు తయారు చేసుకోవచ్చు, శాతాలు చెప్పకూడదు.

పని చేసేవాళ్ల వైపు నుంచి వచ్చే తప్పు పట్టడానికి డేటాలోనే జాడలుంటాయి. "అవును" అంటే మరో ఇరవై ప్రశ్నలు తెరుచుకునే చోట, మూడో వారానికి "కాదు"లు పెరుగుతాయి. 15 నుంచి 49 ఏళ్ల మహిళలకు గంట పట్టే ఇంటర్వ్యూ ఉంటే, జాబితాలో 14 ఏళ్ల వాళ్లు, 50 ఏళ్ల వాళ్లు అనుమానాస్పదంగా ఎక్కువవుతారు. ఐదేళ్ల లోపు పిల్లలకే టీకాల ప్రశ్నలుంటే, ఆరేళ్ల పిల్లలు పెరుగుతారు. 45 నిమిషాల ఫారం 9 నిమిషాల్లో ముగిసిందా అన్నది ట్యాబ్ చెబుతుంది. పదిలో ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి, మారని మూడు నాలుగు విషయాలే అడగాలి: ఇంట్లో ఎందరు, ఏ రంగు రేషన్ కార్డు, ఆ రోజు జవాబులు చెప్పింది ఎవరు.

వీటన్నిటికన్నా పదునైన పద్ధతి బెంగాల్‌లో 1937లో మొదలైన జనపనార పంట సర్వేల కాలం నాటిది, మహలనోబిస్ వాడినది. శాంపిల్‌ను రెండు సగాలుగా, రెండూ అదే ప్రాంతమంతా పరుచుకునేలా విడదీసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలకు ఇవ్వడం. ఒక బృందం వలస 25 శాతం అని, మరొకటి 33 శాతం అని తెస్తే, శాంపిల్ ఊగిసలాటకు అంత తేడా రాకూడదని తేలితే, ఎవరో ఒకరు అరుగుల మీద కూర్చున్నారన్నమాట. రెండు బృందాల ఫారాల్లో "దొరకలేదు" అని రాసిన ఇళ్లు ఎన్నో ముందు చూడాలి. ఒక బృందంలో ఆ సంఖ్య సున్నా ఉంటే, వెతకాల్సింది అక్కడే.